ఎర్రబస్సు 12.4: కర్చీఫ్ తొలగింపు

దినం 4118
అప్‌డేట్ లాగ్. రాస్తున్నది వెంగమాంబ.

ఈ ఉదయం భద్రతా కసరత్తులో మేము మూడు వందల తొంభై రెండు మందిమి చచ్చిపోయాం. కాగితం మీదే. అయినా భద్రతాధికారి పరాంకుశం గారు ఆ అంకెను ఎంత బరువైన ముఖంతో చదివారంటే, వంటశాల పేరమ్మ పెద్దమ్మ నా చెవి దగ్గరికి వంగి, మన దినాలకు కూడా ఈయనే భోజనాలు పెట్టించేట్టున్నాడే అంది.

సెరిస్ గనిలో ఎక్కడ గాలి కారినా సైరన్ మోగుతుంది. తొంభై సెకన్లలో అందరూ ఆశ్రయగదుల్లో కూర్చోవాలి. నడవా పొడుగునా వరసగా ఏడు గదులు. గదికి అరవై సీట్లు, ఆ అరవై మందికి ఆరు గంటల గాలి. ఇక్కడున్నది నాలుగు వందల పదకొండు మందిమి. లెక్కకు ఇంకా తొమ్మిది సీట్లు మిగలాలి.

సైరన్ మోగగానే మావాళ్లు బాగానే పరిగెత్తుకొచ్చారు. వచ్చి, తలుపులోంచి సీట్ల మీదికి కర్చీఫ్‌లు విసిరారు. సెరిస్ మీద నా బరువే కిలోన్నర, ఇక గుడ్డ ముక్క కింద పడాలంటే పూట పడుతుంది. అందుకని ప్రతివాళ్లూ కర్చీఫ్ మూలలో ఒక నట్టు ముడేసుకుని ఉన్నారు. ఏడు గదుల్లోనూ టకటకమని నట్లు పడ్డాయి. ముందుజాగ్రత్త గలవాళ్లు రెండు మూడు గదుల్లో వేశారు. అర నిమిషంలో నాలుగు వందల ఇరవై సీట్లూ అయిపోయాయి. పంతొమ్మిది మంది తమ కర్చీఫ్ తామే వెతుక్కుని కూర్చున్నారు. మిగతావాళ్లు నడవాలో మర్యాదగా నిలబడ్డారు. ఒకరు కర్చీఫ్ వేసిన సీట్లో ఇంకొకరు ఎలా కూర్చుంటారు?

పరాంకుశం గారు కుజుడి మీద పుట్టి పెరిగినవారు. ఒక కర్చీఫ్‌ను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని ఇది ఎవరిదని అడిగారు. నడవా అంతా ఊపిరి బిగబట్టింది, గాలి నిజంగానే కారినట్టు.

"మా ఆడపడుచుదండీ. తల స్నానం చేస్తా ఉంది, వచ్చేస్తది," అంది పేరమ్మ పెద్దమ్మ.

ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారని ఆయన అందరినీ అడిగారు. నాలుగు వందల మంది ఒక్కసారి నా వైపు తిరిగారు.

దినం 4119

ఆయన గదికి పిలిపించారు. ఆటంటే ఏమిటో చెప్పమన్నారు. చెప్పాను.

పేరు ఎర్రబస్సు. ఒంగోలులో ఎక్కి పొదిలిలో దిగాలి. గంటన్నర పడుతుంది. సర్వర్ నాది. డిగ్రీ ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా మొదలుపెట్టి, మార్కులు వచ్చాక కూడా ఆపలేకపోయాను. రాళ్లు నలిపే పాత రాతిమర నుంచి పీకేసిన కంట్రోల్ పెట్టెలో, దాని సొంత రేడియో మీద నడుస్తుంది, గని నెట్‌వర్క్‌తో సంబంధం లేదు. ఆడేవాళ్లు హ్యాండ్‌సెట్ పట్టుకుని, పాత స్పేస్‌సూట్ లోపలి చొక్కా తొడుక్కుంటారు. ఆటలో పక్కవాళ్లు ఆనుకుంటే ఆ చొక్కా భుజాన్ని నొక్కుతుంది. పక్క సీటు దూరం దాటితే మాట వినిపించదు.

గెలుపు ఏమిటని అడిగారు. పొదిలిలో దిగడం అన్నాను. ఓటమి? పొదిలి దాటాక దిగడం.

యాజమాన్యం నాలుగు మంచి ఆటలు ఇచ్చింది కదా, వాటిలో సముద్రాలున్నాయి, రెక్కల గుర్రాలున్నాయి, అవి ఎందుకు ఆడరని అడిగారు. ఇక్కడ ప్రతివాళ్లూ పన్నెండు గంటలు ఒంటరిగా సూట్‌లో మంచు కోస్తారు, తర్వాత మనిషికొక గదిలో పడుకుంటారు, గుర్రం ఎక్కినా ఒక్కరే ఎక్కాలి కదండీ అన్నాను. ఆయన దాన్ని రాసుకోలేదు.

రాసింది ఇది. మరో ఇరవై రోజులకు, దినం 4139న, మళ్లీ కసరత్తు. ఆలోపు ఆటలోంచి కర్చీఫ్ పోవాలి. తొంభై సెకన్లలో అందరూ లోపల లేకపోతే నా పెట్టె రాతిమరలోకి పోతుంది.

నాకు పెట్టె పోతే కొత్త ప్రాజెక్టు దొరుకుతుంది. నేను ఎలాగూ ఒకచోట కుదురుగా ఉండే రకం కాదు. నా గుబులంతా ఏసుపాదం బాబాయ్ గురించి. ఆయన సెరిస్ అవతలి వైపు, పద్నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో, సిగ్నల్ స్తంభానికి కాపలా. పద్నాలుగు నెలలుగా ఒక్కడే. ఆయన బదులు మనిషిని తీసుకెళ్లే బండి ఇంకో ఆరు నెలలకు గానీ కదలదు. రోజుకు తొమ్మిది గంటలు బస్సులోనే ఉంటాడు. ఎడమవైపు మూడో సీటు, కిటికీ పక్కన. నలభై నిమిషాలకోసారి లేచి స్తంభం చూసి రావాలి కాబట్టి, ఆటలో అందరికంటే ఎక్కువగా కర్చీఫ్ అవసరం ఆయనకే.

దినం 4121

రాబోయే అప్‌డేట్ల పట్టిక గోడ మీద నుంచి తీసేశాను. 12.4లో వాన పెడదామనుకున్నాను: కిందికి దిగని కిటికీ షట్టర్లు, సరిగ్గా ఒక్క సీటు మీదే కారే నీళ్లు. 12.5లో ఒక మేక. 13.0లో పొదిలి నుంచి కనిగిరి దాకా పొడిగింపు. మేక నడక మీద నెల రోజులు పనిచేశాను. ఇప్పుడు 12.4 అంటే ఒకటే పని. కర్చీఫ్ తొలగింపు.

దినం 4123

12.4 విడుదల చేశాను.

రెండు గంటల్లో మనుషులు చెప్పులతో సీట్లు ఆపడం మొదలుపెట్టారు. చెప్పులు తీసేశాను. టిఫిన్ క్యారేజీలు వచ్చాయి. తర్వాత చింతపండు పొట్లాలు, కొబ్బరికాయలు, తిరగేసిన గొడుగు. పేరమ్మ పెద్దమ్మ తన మనవరాలిని కిటికీలోంచి లోపలికి అందించి, ముగ్గురు పట్టే సీటు మీద అడ్డంగా పడుకోబెట్టింది. మనుషుల్ని కిటికీలోంచి ఎక్కించవచ్చని నేను కోడ్‌లో ఎక్కడా రాయలేదు. ఎలా చేసిందో ఇప్పటికీ తెలియదు.

సాయంత్రానికి 12.4.1. ఏ వస్తువూ సీటు మీద నిలవదు. పెడితే జారి కింద పడుతుంది.

దినం 4126

ఇప్పుడు ఏ వస్తువూ లేదు. ఖాళీ సీటు పక్కన ఒకరు కూర్చుని, "ఇక్కడ మనిషి ఉన్నారు" అంటున్నారు. విన్నవాళ్లు సరేనని ముందుకు పోతున్నారు. ఒక్క మాటతో ఒకే మనిషి ఆరు సీట్లు ఆపడం చూశాను. కర్చీఫ్ కంటే ఇది ఇంకా గట్టిగా పనిచేస్తోంది, గాలికి ఎగిరిపోదు కూడా. మాటను తీసేసే అప్‌డేట్ నా దగ్గర లేదు.

అసలు దెబ్బ ఒక్కరికే తగిలింది. ఏసుపాదం బాబాయ్ స్తంభం చూడటానికి లేచినప్పుడు ఆయన సీటుకు పక్కన చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఆయన తనవాళ్లు అంటూ ఎవరితోనూ ఎక్కడు కదా. నిన్న మూడు ట్రిప్పులు నిలబడే వెళ్లాడు. నిలబడ్డవాళ్ల మాట కూర్చున్నవాళ్లకు అందదు, అది నేను పెట్టిన నియమమే. తొమ్మిది గంటల మనిషి నిన్న నాలుగు గంటలు ఉన్నాడు. ఈరోజు రెండు. ఫిర్యాదు ఏమీ పంపలేదు.

అన్నం దగ్గర పేరమ్మ పెద్దమ్మకు చెప్పాను. ఆమె గరిటె ఆపి నన్ను చూసింది. సీటు మీద గుడ్డ ముక్క తీసేయడానికేనా నీకు అంత చదువు చెప్పించింది అని అడిగింది. ఇంకా చాలా అంది. లాగ్‌లో రాసుకోదగ్గవి కావు.

దినం 4130

రెండు రోజులు పని మానేసి వంటశాలలో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడిగాను. నేను పదకొండేళ్ల వయసులో ఇక్కడికి వచ్చాను, నాకు బస్సు సగమే గుర్తు. అక్కడ కర్చీఫ్ వేసిన సీట్లన్నీ నిండాక తర్వాత వచ్చినవాళ్లు ఏం చేసేవాళ్లు? ప్రశ్నే వాళ్లకు అర్థం కాలేదు. ఏం చేస్తారు, ఎక్కుతారు అన్నారు. సీటు లేకపోతే? సర్దుకుంటారు.

ఆ మాట కోసమే వెతుకుతున్నానని అప్పుడు తెలిసింది. ముగ్గురి సీట్లో కూర్చున్నవాళ్లను "కాస్త సర్దుకోండి" అని అడిగితే నాలుగో మనిషికి చోటు వస్తుంది. అడిగాక కాదనడానికి లేదు, ముఖం మాత్రం చిట్లించవచ్చు. ఆ లెక్కన సీటు ఆపుకోవాల్సిన అవసరమే లేదు.

12.5 ప్రణాళిక: మేకను పక్కన పెట్టి కండక్టర్ను తేవడం. ఆయన ఫుట్‌బోర్డు మీద నిలబడి మూడు మాటలు చెబుతాడు. ఒకటి, లోపలికి జరగండి. రెండు, కాస్త సర్దుకోండి. మూడోది నా సొంత ఆలోచన. అందరూ ఒకే బస్సులో ఇరుక్కుంటే సర్వర్ మీద భారం పడుతుంది కాబట్టి, రెండో బస్సు ఒకటి పెట్టి, కండక్టర్ చేత "వెనక బస్సు ఖాళీగా వస్తోంది" అనిపిస్తాను.

దినం 4134

12.5 నడుస్తోంది. సీట్లు ఆపడం ఒక్క రోజులో మానేశారు. ఏసుపాదం బాబాయ్ మళ్లీ రోజుకు తొమ్మిది గంటలు ఉంటున్నాడు. పక్కన కూర్చుని ఎలా ఉందని అడిగాను. కిటికీ పోయిందిలే, సగం సీటే దొరకతా ఉంది, గానీ రెండు పక్కలా మనుషులు, ఇది బాగుంది అన్నాడు.

పరాంకుశం గారికి నివేదిక పంపాను. కర్చీఫ్ పోయింది, సర్దుకోవడం వచ్చింది. ఆయన "సంతోషం" అని ఒక్క ముక్క జవాబిచ్చారు.

చిన్న లోపం ఒకటి. రెండో బస్సు రెండు రోజులుగా ఖాళీగా తిరుగుతోంది. కండక్టర్ మూడో మాట అనగానే, దిగువన నిలబడ్డ వాళ్లు కూడా తోసుకుంటూ మొదటి బస్సే ఎక్కుతున్నారు. 12.6లో చూద్దామని రాసుకున్నాను.

దినం 4139

ఇది కాస్త వివరంగా రాయాలి.

పదిన్నరకు సైరన్ మోగింది. ఒక్క కర్చీఫ్ కూడా లేదు. అందరూ గోడ పట్టాలు పట్టుకుని జారుతూ నడవాలోకి వచ్చారు. మొదటి గది తలుపు దగ్గర పరాంకుశం గారు స్టాప్‌వాచీతో నిలబడ్డారు. అరవై మంది ఎక్కారు. ఎక్కారు అనే వచ్చింది రాయడానికి, అలాగే ఉండనిస్తున్నాను. మిగతావాళ్లను వెనక గదులకు పంపాలని ఆయన చెయ్యి ఎత్తి, ఎంతో స్పష్టంగా, మంచి ఉద్దేశంతో ఒక మాట అన్నారు.

"ఇక్కడ ఆగకండి. వెనక ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయి."

అంతే. నడవాలో ఉన్న మూడు వందల యాభై మందికి విషయం అర్థమైపోయింది. వెనక ఖాళీగా ఉందని చెప్పారంటే, వెనక ఏమీ లేదు. ఇదే ఆఖరుది.

కిలోన్నర బరువున్న మనుషులు ఎంత చోటులో పడతారో ఇంజనీర్లు ఎప్పుడూ లెక్కవేసినట్టు లేదు. ఒడిలో ఒకరు, వాళ్ల ఒడిలో ఇంకొకరు. సామాను అరల మీద వెల్డర్లు పడుకున్నారు. కప్పుకు ఆనుకుని కొందరు తలకిందులుగా నిలబడ్డారు. లోపలి నుంచి ఎవరో "జరగండి జరగండి" అంటూనే ఉన్నారు, ఎక్కడికో మాత్రం చెప్పలేదు. తలుపు దగ్గరున్న పరాంకుశం గారిని ఎవరూ తొయ్యలేదు. ఆయన వాళ్లతోపాటు వచ్చేశారు, కాలవలో ఆకులాగా.

నలభై ఒక్క సెకన్లకు తలుపు మూసుకుంది. అందరూ లోపలే. గనిలో ఇది రికార్డు.

ఆయన నా మోకాలి దగ్గర ఎక్కడినుంచో మాట్లాడారు. అరవై మంది ఆరు గంటలు పీల్చే గాలిని నాలుగు వందల పదకొండు మంది పీలిస్తే యాభై రెండు నిమిషాలు వస్తుందన్నారు. సరే, తలుపు తీయించండి సారూ అని పేరమ్మ పెద్దమ్మ అంది. లోపలి నుంచి తీయడానికి మీట ఉండదు, కంగారులో ఎవరైనా తీస్తారని పెట్టలేదు అన్నారు. బయటి నుంచి తీయడానికి ఆయన తాళం ఉంది. అది ఆయన జేబులో ఉంది. ఆయన లోపల ఉన్నారు. కసరత్తు ముగిసేదాకా గని నెట్‌వర్క్ మూగగా ఉంటుంది.

ఇక బయట ఉన్న మనిషి సెరిస్ మొత్తం మీద ఒక్కడే. ఆయన స్తంభం నుంచి తలుపులకు వేరే లైను ఉంది, ఏ తలుపైనా తీయగలడు, భద్రతాధికారి నోటితో సంకేతసంఖ్య చెబితే.

నా చేయి నాకు అందడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. పైనున్నవాళ్లు లేచి, పక్కవాళ్లు ఒరిగి, ఎవరిదో జడ నా గాజులోంచి విడదీశాక హ్యాండ్‌సెట్ బయటికి వచ్చింది. నా పెట్టె గని నెట్‌వర్క్‌లో లేదు కాబట్టి ఎర్రబస్సు మామూలుగా నడుస్తోంది. ఎక్కాను. బస్సంతా ఖాళీ. ఎడమవైపు మూడో సీట్లో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కిటికీ పక్కన. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఏందమ్మణ్ణీ, ఈరోజు ఒక్కరూ రాలేదు," అన్నాడు. "నా మీద అలిగారా ఏంది?"

జరిగింది చెప్పాను.

"అందరూ ఒక్కదాంట్లోనేనా?"

"ఒక్కదాంట్లోనే బాబాయ్."

"మంచి పని చేశారు. ఎనకది వస్తదని నమ్మినోడెవడన్నా బాగుపడ్డాడా."

పరాంకుశం గారి నోటి దగ్గరికి హ్యాండ్‌సెట్ దింపాం. ఆయన సంకేతసంఖ్య రెండుసార్లు చెప్పారు. మొదటిసారి ఎవరి మోచెయ్యో అడ్డం వచ్చింది. అటువైపు మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత అది ఆగింది.

"అమ్మణ్ణీ, ఆ గోలంతా ఏంది?"

ఏమి గోలని నేనూ విన్నాను. పసిపిల్ల ఏడుపు. వెల్డర్లలో ఎవరో వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. పొట్టు నెమ్మదిగా మా అందరి మీదికి దిగుతోంది. తన కొంగు మీద కూర్చున్నది ఎవరో తేల్చమని పేరమ్మ పెద్దమ్మ పంచాయితీ పెట్టింది. ఎవరికో తుమ్ము వచ్చింది, అది పదిమందిని కదిపింది. మనుషులు బాబాయ్ అన్నాను.

"గాలి ఎంతుంది?"

అడిగి చెప్పాను. ఇరవై ఆరు నిమిషాలు.

"తలుపు సిద్ధంగా ఉంది. ఒక్క మీట నొక్కడమే," అన్నాడు. ఆగి, "రెండు నిమిషాలు ఆగి నొక్కనా? ఫోను కొంచెం పైకెత్తి పట్టుకోమ్మా."

నేను పరాంకుశం గారి వైపు చూశాను. ఆయన ముఖంలో నాకు కనిపించింది ఒక కన్నే. ఆ కన్ను కాసేపు స్టాప్‌వాచీ కోసం వెతికింది. వాచీ ఎవరి చేతిలో ఉందో ఆయనకు తెలియదు. కన్ను మూసుకుని, సరేనన్నట్టు కదిలారు.

హ్యాండ్‌సెట్ పైకెత్తాను. పక్కవాళ్లు దాన్ని అందుకున్నారు. వాళ్ల నుంచి ఇంకొకరు. అలా చేతుల మీదుగా గది వెనక దాకా వెళ్లింది. పోయేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కో మాట అన్నారు. తిన్నావా ఏసుపాదం, మోకాలి నొప్పి ఎట్టా ఉంది, మా పిల్ల నడవతా ఉంది చూశావా. చూడలేడు కదా, అయినా అడిగారు. అది తిరిగివస్తూ పరాంకుశం గారి దగ్గర ఆగింది.

"ఏసుపాదం గారూ, నేను పరాంకుశాన్ని. నా ఎడమ చెయ్యి ఎక్కడుందో నాకు తెలియడం లేదండీ."

అటునుంచి నవ్వు వినిపించింది. పద్నాలుగు నెలల్లో ఆయన నవ్వడం నేను వినలేదు.

రెండు నిమిషాలని ఆయన అన్నది నాలుగైంది. ఎవరూ గుర్తుచేయలేదు. తలుపు తెరుచుకున్నాక కూడా ముందు మీరు దిగండంటే మీరు దిగండని ఇంకో ఐదు నిమిషాలు కూర్చున్నాం.

దినం 4141

కసరత్తు ఫలితం నోటీసుబోర్డు మీద పెట్టారు. సమయంలో నెగ్గాం, గదుల్లో ఓడాం. నా పెట్టె సంగతి అందులో లేదు. అడగడానికి వెళ్లాను.

పెట్టెను రాతిమరలో వేయాలంటే కారణం రాయాలట. కారణం రాస్తే తలుపు తీసింది ఆ పెట్టె ద్వారానే అని రాయాలి. అది రాస్తే, ఆ సమయంలో తాళం ఎక్కడుందో, అది ఉన్న జేబు ఎక్కడుందో రాయాలి. ఆయన మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు చింపేశారు. చివరికి నా పెట్టె అసలు ఈ గనిలో ఉన్నట్టు తనకు తెలియదని నాతో చెప్పి, దాని పక్కన ఫ్యాన్ పెట్టుకో, వేడెక్కుతుంది అన్నారు.

గదులకు మాత్రం ఆయన చేసిన మార్పు ఒకటే. కసరత్తులో ఇకనుంచి ఏడో గది తలుపు దగ్గర నిలబడి, ఇందులో చోటు లేదు, ఎక్కకండి అని అరుస్తారట. నిన్న ఒక్కసారి ప్రయత్నిస్తే అరవై మంది క్షణంలో నిండారని చెప్పారు.

దినం 4160

13.0 విడుదల చేశాను. కనిగిరి పొడిగింపు లేదు. వాన లేదు. మేక లేదు. రెండే మార్పులు. బస్సుకు మనుషుల పరిమితి తీసేశాను. మాట ఎంత దూరం వినిపించాలన్న నియమం తీసేశాను. చొక్కాల్లో ఒత్తిడి పెంచడానికి వెల్డర్లు మూడు వారాలు సాయం చేశారు. మొదటి ట్రిప్పుకు మూడు వందల ఎనభై మంది ఒకే బస్సు ఎక్కారు. సర్వర్ మూడుసార్లు ఆగింది. నాలుగోసారి ఒంగోలు దాటింది.

సాయంత్రం ఫిర్యాదుల పెట్టె తెరిచాను. అందులో ఒక్కటే ఉంది. స్తంభం నుంచి వచ్చింది. ఏసుపాదం బాబాయ్ ఫిర్యాదు పంపడం ఇదే మొదలు.

"లోపం: పొదిలి దాకా నా ఎడమ కాలు ఎవరో తొక్కతానే ఉండారు. తియ్యమంటే తియ్యడం లేదు. ఇది తప్పుగా పడిందని నాకు తెలుసు. సరిచెయ్యబాక అమ్మణ్ణీ."